ఎర్రనీళ్లు రాకముందే

నాకు పోస్టింగ్ వచ్చిన లంకకి, అంటే ఏటి మధ్యలో ఉన్న ఊరికి, ఏడాదిలో ఎనిమిది నెలలే రోడ్డు ఉంటుంది. మిగతా నాలుగు నెలలూ పడవే. జూలైలో ఎర్రనీళ్లు, అంటే వరద నీళ్లు తగిలాయంటే ఇసుక మీద వేసుకున్న బాట కొట్టుకుపోతుంది. మళ్లీ కార్తీకం వచ్చి నీళ్లు తీస్తేనే ఆటోలు దిగుతాయి. గోదావరి వశిష్ఠ పాయలో ఉన్న ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. కొందరి ఇళ్లలోని ఆరోగ్య విషయాలు ఇందులో ఉన్నాయి, అవి వాళ్లవి.

ఆరేళ్లు రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేశాను. అక్కడ ఎంత రాత్రయినా చుట్టూ మనుషులే. మానిటర్ మీద అంకె కాస్త తేడాగా కనపడితే పక్క బెడ్ సిస్టర్‌ని పిలిచేదాన్ని, రెండు నిమిషాల్లో డ్యూటీ డాక్టర్ వచ్చేవారు. ఇప్పుడు నాది ఎంఎల్‌హెచ్‌పీ ఉద్యోగం. అంటే విలేజ్ క్లినిక్‌లో ఉండే నర్సు. అక్కడి ఏఎన్‌ఎం పోస్టు ప్రస్తుతం ఖాళీ. పదిహేను వందల పైచిలుకు జనానికి నర్సుని నేనొక్కదాన్నే, తోడు ఒక ఆశా కార్యకర్త. జాయిన్ కావడానికి వారం గడువుంది. మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులైంది, ఏరు ఇంకా సన్నగానే ఉంది. ఆ వారాన్ని ఇలా వాడుకున్నాను.

సోమవారం, ధవళేశ్వరం

నాన్న బండి మీద దింపారు. ధవళేశ్వరంలో మా అమ్మకి తెలిసిన ఒక సిస్టర్ గారున్నారు. ముప్ఫై ఏళ్లు లంకల్లో ఏఎన్‌ఎంగా చేసి రిటైరయ్యారు. ఆవిడ దగ్గర రెండు ముక్కలు నేర్చుకుని వెళ్దామని నా ఉద్దేశం. కాఫీ తాగాక ఆవిడ పుస్తకాలేమీ తీయలేదు. "పదమ్మా, బ్యారేజీ దాకా నడిచొద్దాం" అన్నారు.

నీళ్లు తక్కువగా ఉన్నాయి. గేట్ల కింద రాళ్లు తేలి ఉన్నాయి, కొంగలు నిలబడి ఉన్నాయి. డెల్టా కాలువల్లోకి మాత్రం నీళ్లు వదిలేశారు, అటు చూస్తే నిండుగా పారుతున్నాయి. సిస్టర్ గారు నీటిమట్టం కొలిచే స్కేలు వైపు చెయ్యి చూపించారు. "ఇది నీ పేషెంటు బీపీ అనుకో. 11.75 అడుగులు వస్తే మొదటి హెచ్చరిక. 13.75కి రెండోది. 17.75కి మూడోది. ఆ లెక్క నోటికి రావాలి" అన్నారు. మొదటి హెచ్చరిక అంటే దాదాపు 10 లక్షల క్యూసెక్కులు దిగుతున్నట్టు, రెండోదానికి 13 లక్షలు, మూడోదానికి 17 లక్షలు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో అంతకన్నా ఎక్కువే. ఆ రెండు సార్లూ ఆవిడ లంకలవాళ్ల మధ్యనే ఉన్నారు, 2022 నాటికి రిటైరైపోయినా కూడా.

"భద్రాచలం కూడా చూస్తూ ఉండు. అక్కడ 43 అడుగులు పడిందంటే మనకి మొదలైనట్టే. 53 అయితే నీ సంచి సర్దేసుకో. అక్కడి నీళ్లు ఇక్కడికి చేరేలోపల నీకు కాస్త టైం ఉంటుంది. ఆ టైంలోనే నీ పనంతా."

అడగాల్సింది అడిగేశాను. ఒక్కదాన్నే ఉన్నప్పుడు నాకు తెలియని కేసు వస్తే ఏం చెయ్యాలి? ఆవిడ కాసేపు గేట్ల వైపు చూసి చెప్పిన మాట, నేను ఈ వారమంతా మోసుకు తిరిగిన మాట ఇది: "తెలియని కేసు వస్తుందని భయపడకు, వస్తూనే ఉంటాయి. ఈ మనిషి రేపు పొద్దుటికి ఎలా ఉంటుంది అని నిన్ను నువ్వే అడుక్కో. అప్పటికి ఏరు ఎలా ఉంటుంది అని కూడా అడుక్కో. రెండిట్లో ఏది పాడయ్యేలా ఉన్నా ఇప్పుడే పంపించెయ్."

పక్కనే కాటన్ మ్యూజియం. చిన్నప్పుడు స్కూలు వాళ్లు తీసుకొచ్చారు, మళ్లీ ఇప్పుడే లోపలికి వెళ్లడం. 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేసిన మనిషి గురించి డెల్టాలో కొత్తగా చెప్పేదేముంది. కానీ నర్సింగ్ చదువుకునే రోజుల్లో తెలిసిన ఒక సంగతి అక్కడ నిలబడితే గుర్తొచ్చింది. ఫ్లోరెన్స్ నైటింగేల్ మన దేశం ఎన్నడూ రాకపోయినా, ఇక్కడి కరువుల గురించి ఏళ్ల తరబడి చదివి, నీటిపారుదల విషయంలో కాటన్ వాదనని గట్టిగా సమర్థించింది. మనిషి ఆరోగ్యంగా ఉండాలంటే ముందు పొలానికి నీళ్లు పారాలని ఒక నర్సు వాదించింది. సిస్టర్ గారితో ఈ మాట అంటే, "మరి మనకి నీళ్లు ఎక్కువైన చోట డ్యూటీ పడింది కదమ్మా" అని నా భుజం తట్టారు.

మంగళవారం, బుధవారం తెల్లవారుజాము, అమలాపురం దారిలో ఒక లేబర్ రూము

రావులపాలెం బస్సు. జొన్నాడ దాటి గౌతమి వంతెన ఎక్కగానే కిటికీలోంచి చల్లగాలి కొట్టింది. రావులపాలెంలో అరటి గెలల లారీలు రోడ్డుకి అడ్డంగా ఉండి పావుగంట ఆగాం. అక్కణ్ణుంచి కొబ్బరి చెట్ల నీడే నీడ.

ఐసీయూలో వెంటిలేటర్ సెట్టింగులు నిద్రలో కూడా చెప్పగలను. కాన్పు మాత్రం కాలేజీ రోజుల తర్వాత చెయ్యలేదు. నాకున్న అసలు టెన్షన్ అదే. అందుకే ముందుగా అనుమతి అడిగి, ఒక ప్రభుత్వ ఆసుపత్రి లేబర్ రూములో ఒక పగలూ ఒక రాత్రీ ఉండే ఏర్పాటు చేసుకున్నాను. అక్కడి హెడ్ సిస్టర్ పెద్దావిడ, మాట తక్కువ. పగలంతా ప్లాస్టిక్ బొమ్మ మీద నాచేత బ్యాగ్ అండ్ మాస్క్, అంటే ఊపిరి తీయని బిడ్డకి మాస్కు పెట్టి సంచీ నొక్కి గాలి అందించడం, చేయించారు. నిమిషానికి 40 నుంచి 60 సార్లు. "ఒకటి... రెండు, మూడు" అని లెక్కపెడుతూ నొక్కాలి. మాస్కు అంచు గడ్డం మీద సరిగ్గా కూర్చోకపోతే గాలి పక్కల నుంచి పోతుంది, బొమ్మ ఛాతీ లేవదు. మొదటి అరగంట నాకు లేవలేదు. "వేళ్లతో అదమకు, దవడని నీ వైపు ఎత్తు" అన్నారావిడ. లేచింది.

తెల్లవారుజామున మూడు దాటాక ఒక అమ్మాయి కాన్పయింది. రెండో కాన్పు, తొందరగా అయిపోయింది. బిడ్డ ఏడవలేదు. హెడ్ సిస్టర్ నా వైపు చూసి పక్కకి జరిగారు. ఆ జరగడం చూసి నా ఒళ్లు ఒక్కసారిగా చల్లబడింది.

వేడి గుడ్డతో ఒళ్లంతా గట్టిగా తుడిచాను. తడిగుడ్డ తీసేసి పొడిది వేశాను. వీపు మీద రుద్దాను. కాళ్లు మెత్తగా వేలాడుతున్నాయి, ఒళ్లు నీలంగా ఉంది. గోడ మీద గడియారం ముల్లు చప్పుడు అంతకుముందు వినపడలేదు, అప్పుడు వినపడింది. మెడ కాస్త చాచి, మాస్కు పెట్టి, దవడ ఎత్తి నొక్కాను. ఒకటి... రెండు, మూడు. ఛాతీ లేచింది, గువ్వపిట్ట డొక్కలా కొంచెమే. మళ్లీ నొక్కాను. పదిహేనో పదహారో సారికి బిడ్డ మొహం ముడుచుకుంది. తర్వాత పిల్లి కూనలా ఒక మూలుగు, ఆ తర్వాత ఏడుపు. రంగు పెదాల దగ్గర మొదలై చెంపలకి పాకడం నా కళ్లతో చూశాను. నా చెయ్యి ఆగాక గానీ వణకడం మొదలుపెట్టలేదు.

పుట్టిన మొదటి నిమిషం లోపల ఊపిరి అందించాలని చదువుకున్నాం. ఆ నిమిషంలో ఎవరినీ పిలిచే టైం ఉండదు. అంటే నలుగురు డాక్టర్లున్న చోటైనా, లంకలోనైనా, ఆ నిమిషానికి బిడ్డ దగ్గర ఉన్న మనిషి ఒక్కతే. ఇది తెలిశాక నాకు ధైర్యం పెరిగిందని చెప్పగలను.

పొద్దున్న హెడ్ సిస్టర్ టీ ఇస్తూ రెండో పాఠం చెప్పారు. బిడ్డ సంగతి నిమిషాల్లో తేలుతుంది, తల్లి సంగతి గంటల్లో. కాన్పు తర్వాత రక్తం ఆగకుండా పోతుంటే, ఎవరూ ఏమీ చెయ్యకపోతే, ప్రాణం పోవడానికి సగటున రెండు గంటలు. "నీ లంక నుంచి ఆపరేషన్ థియేటర్‌కి ఎంతసేపు?" అని అడిగారు. నాకు తెలియదు. "ముందు అది కనుక్కో" అన్నారు.

బుధవారం, అమలాపురం

నిద్ర సరిపోలేదు. గడియార స్తంభం సెంటర్ చుట్టుపక్కల తిరిగి సామాన్లు కొన్నాను: తలకి కట్టుకునే లైటు, రెండు పవర్ బ్యాంకులు, గమ్ బూట్లు, నీళ్లు చొరని పెద్ద సంచి, మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాలు. గాజు టెస్ట్ ట్యూబులు దొరకడానికి మూడు షాపులు తిరగాల్సి వచ్చింది. పాము కరిచినవాళ్ల రక్తం రెండు మిల్లీలీటర్లు శుభ్రమైన పొడి గాజు ట్యూబులో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టలేదంటే రక్తపింజరి విషం పనిచేస్తోందని గుర్తు. ప్లాస్టిక్ ట్యూబు దీనికి పనికిరాదు. వరదకి పుట్టల్లో నీళ్లు చేరితే పాములన్నీ మెరక మీదకి, అంటే ఇళ్లలోకి వస్తాయి. అందుకని ఆరు ట్యూబులు తీసుకున్నాను.

రాత్రి అమ్మ ఫోన్ చేసింది. 1996 నవంబరు 6 తుఫాను రాత్రి కోనసీమలో చుట్టాలింట్లో చిక్కుకుపోయిన కథ మళ్లీ చెప్పింది. చెట్లు విరిగిపడ్డ చప్పుడు తెల్లవార్లూ విన్నారట. "నీకు భయం పెట్టాలని కాదే, ఎండు కొబ్బరి, అటుకులు, బెల్లం ఎప్పుడూ ఒక డబ్బాలో ఉంచుకో" అంది. ఉంచుకున్నాను.

గురువారం, గన్నవరం

అంబాజీపేట మీదుగా పి.గన్నవరం. ఇక్కడ గోదావరి పాయ వైనతేయ మీద పాత అక్విడెక్టు, దాని పక్కనే కొత్తదీ ఉన్నాయి. కింద ఏరు, పైన కాలువ. కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ 1841లో పుట్టి 1909లో పోయారు. లంకల గన్నవరంలోని ఆ ఇంట్లో ఏ వేళకి ఏ బాటసారి వచ్చినా అన్నం పెట్టారని ఇక్కడ చిన్నపిల్లలు కూడా చెబుతారు. ఏరు దాటి ఆకలితో వచ్చేవాళ్ల కోసం ఒక ఆడమనిషి తలుపు తెరిచి పెట్టుకుని కూర్చున్న ఊరు ఇది. పక్కన లంకలోనే నేను ఉండబోయేది. వంతెన మీద ఆగి ఆవిడ పేరుకి దణ్ణం పెట్టుకున్నాను.

తర్వాత నా పైన ఉండే పీహెచ్‌సీ. డాక్టర్ గారు చిన్నవారే, నాకన్నా ఒకటి రెండేళ్లు పెద్ద. స్టోర్స్ జాబితా ముందేశారు. మా స్థాయి క్లినిక్‌లో ఉండాల్సిన మందులు 105 రకాలు, చెయ్యాల్సిన పరీక్షలు 14. జాబితాలో ఉన్నవన్నీ అల్మరాలో ఉంటాయని అనుకోకూడదు కదా. అందుకని ఫార్మసిస్టు, నేను కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాం. బీపీ మాత్రలు, షుగరు మాత్రలు నెలకి బదులు రెండు నెలలకి అడిగాను. ఓఆర్‌ఎస్, జింకు, క్లోరిన్ బిళ్లలు వరదకి ముందే తీసుకెళ్లిపోవాలి. నీళ్లు తీసిన వారానికి విరేచనాలు మొదలవుతాయి, అప్పుడు ఇండెంటు పెడితే పడవ వచ్చేసరికి ఆలస్యం.

అన్నిటికన్నా ఎక్కువసేపు మెగ్నీషియం సల్ఫేట్ దగ్గర ఆగాం. నిండు గర్భిణికి బీపీ విపరీతంగా పెరిగి ఫిట్స్ వస్తే, పెద్దాసుపత్రికి పంపేముందు ఇచ్చే మొదటి డోసు 10 గ్రాములు, రెండు పిరుదులకీ చెరో 5 గ్రాములు. ఒక ఆంప్యూల్‌లో ఒకే గ్రాము ఉంటుంది. అంటే పది ఆంప్యూళ్లు విరగ్గొట్టాలి. ఫిట్స్‌తో కొట్టుకుంటున్న మనిషి పక్కన, టార్చి వెలుతురులో, చెమట చేతులతో ఎంతసేపు పడుతుంది? డాక్టర్ గారు గడువు దాటిన ఆంప్యూళ్లు పది ఇచ్చి చెయ్యమన్నారు. నాలుగు నిమిషాల పైనే పట్టింది, ఒకటి చేతిలో పగిలి వేలు తెగింది. రెండోసారికి ఆంప్యూళ్లు వరసగా ఒక థర్మోకోల్ ముక్కలో గుచ్చి పెట్టుకున్నాను. మూడు నిమిషాల లోపు అయింది. ఆ థర్మోకోల్ ముక్కని అలాగే పది కొత్త ఆంప్యూళ్లతో, రెండు సిరంజిలతో, దూదితో ఒక డబ్బాలో పెట్టి మూత మీద మార్కర్‌తో "ఫిట్స్" అని రాశాను. ఆశా అక్కకి చీకట్లో "ఫిట్స్ డబ్బా తే" అంటే చాలు.

అలాంటిదే, కాన్పు తర్వాత రక్తం పోకుండా ఇచ్చే మందులకి, "రక్తం" డబ్బా. ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ చల్లగా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. లంకలో కరెంటు పోతే గంటల తరబడి రాదు. అందుకని ఐసు ప్యాకుల క్యారియర్ ఉన్న రోజే అది నా దగ్గర ఉంటుంది. మిసోప్రోస్టాల్ మాత్రలకి ఫ్రిజ్ అక్కర్లేదు. కాన్పు కాగానే, ఇంజెక్షన్ లేని చోట, 200 మైక్రోగ్రాముల మాత్రలు మూడు మింగిస్తారు. ఇవి ఎప్పుడూ డబ్బాలో ఉంటాయి.

నా గాజు ట్యూబులు చూసి డాక్టర్ గారు తల అడ్డంగా ఊపారు. "సిస్టర్, ఈ టెస్టు ఇక్కడ మేం చేస్తాం. విషానికి విరుగుడు ఉన్నది ఇక్కడ. మీరు లంకలో ఆ 20 నిమిషాలు ట్యూబు ముందు కూర్చుంటే పడవ రేవులోనే ఉంటుంది. కట్లు కట్టనివ్వకండి, కోయనివ్వకండి, విరిగిన కాలికి కట్టినట్టు బద్ద కట్టి కదలకుండా పడవ ఎక్కించండి. ఎక్కించాక ఫోన్ చెయ్యండి." మూడు షాపులు తిరిగి కొన్న ట్యూబులు ఆయన టేబుల్ మీదే పెట్టేశాను. ధవళేశ్వరం సిస్టర్ గారు చెప్పిందీ ఇదే.

శుక్రవారం, ఏరు దాటడం

బాట ఇంకా ఉంది, ఆటో వెళ్తుంది. అయినా పడవ మీదే వెళ్తానన్నాను. రేవులో ఇంజను పడవ బాబాయ్ నవ్వి, "బాట ఉండగా పడవెందుకండీ సిస్టరు గారూ" అన్నారు. ఎంతసేపు పడుతుందో చూసుకోవాలని చెబితే నవ్వు ఆపేసి, "ఎక్కండి" అన్నారు. గట్టు నుంచి రేవుకి మెట్ల మీద 4 నిమిషాలు. పడవ 18 నిమిషాలు. అవతల రేవు నుంచి క్లినిక్‌కి నడిచి 12 నిమిషాలు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

"వరదలో?" అని అడిగాను.

"వరదలో అడ్డంగా కొయ్యకూడదండి. ఎగువకి పోయి, అక్కణ్ణుంచి వాలుకి దిగి రేవు పట్టుకోవాలి. దుంగలు వస్తుంటాయి. ఒక్కోసారి ముప్పావుగంట, ఒక్కోసారి గంట. ఉద్ధృతం మరీ ఎక్కువైతే అసలు దింపనివ్వరండి."

క్లినిక్ రెండు గదులు, ముందు వరండా. లోపలి గది గోడ మీద 2022 నీళ్లు నిలిచిన గుర్తు ఇంకా ఉంది. సున్నం వేసినా మట్టిరంగు చార మళ్లీ బయటికి వచ్చింది. దాని పక్కన నిలబడ్డాను. నా ఛాతీ దగ్గరికి ఉంది. చార కింద గోడకి చెయ్యి పెడితే పొడి రాలుతోంది, పైన గట్టిగా ఉంది. మందుల అల్మరా ఆ చారకి కిందే ఉంది. సాయంత్రానికి ఆశా అక్క, ఇద్దరు కుర్రాళ్లు, నేను కలిసి పై అరుగు మీద బల్ల వేసి, మందులన్నీ చారకి రెండడుగులు పైకి చేర్చాం. రిజిస్టర్లు ప్లాస్టిక్ కవర్లో కట్టి దూలానికి వేలాడదీశాం. అక్కడ ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. వాళ్ల ఇళ్లలో బియ్యం, పట్టా కాగితాలు ఎప్పటినుంచో అలాగే ఉంటున్నాయి.

శనివారం, ఇంటింటికీ

పొద్దున్న ఆరు నుంచి ఆశా అక్కతో నడిచాను. ఈ ఊళ్లో ఏ గడపలో ఎవరున్నారో ఆవిడకి తెలియంది లేదు. నాకు చదువుంది, ఆవిడకి ఊరుంది. ఆవిడ లేకపోతే నా డబ్బాలన్నీ అల్మరాలోనే ఉంటాయి.

ఒక ఇంట్లో ఇన్సులిన్ వాడే తాతగారు. మందు మట్టి కుండలో తడిగుడ్డ చుట్టి పెట్టుకుంటున్నారు, పద్ధతి బాగుంది. ఇంకో ఇంట్లో టీబీ మందులు నాలుగో నెల నడుస్తున్న మనిషి. వరదలో ఒక్క రోజు కూడా మాత్ర మానకూడదు కాబట్టి ఆయన మందులు ముందే తెచ్చిపెట్టాలి. ఒక పెద్దావిడకి బోదకాలు. ఈ డెల్టాలో పాత తరంలో చాలామందికి ఉంది. కాలు రోజూ సబ్బుతో కడిగి మెత్తగా ఒత్తి తుడుచుకోవాలి, బురదలో తిరిగితే వేళ్ల సందులు ఒరుస్తాయి, జ్వరం వస్తుంది. ఆవిడ కాలు నేనే కడిగి చూపించాను. అరవై ఏళ్లలో తన కాలు ఇంకొకరు ముట్టుకోవడం ఇదే మొదటిసారి అంది.

కొబ్బరి దింపు తీసే కుర్రాళ్లు తోటలో కనపడ్డారు. చెట్టు మీంచి పడ్డవాణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తొద్దని, మెడ కదలకుండా తలుపు చెక్క మీదకి నలుగురూ ఒకేసారి ఎత్తాలని అక్కడే ఒకణ్ణి పడుకోబెట్టి చేయించాను. గట్టిగా నవ్వుకున్నారు గానీ బాగా చేశారు.

ఇక గర్భిణులు. జూలై నుంచి అక్టోబరు లోపల నెలలు నిండేవాళ్లు నలుగురు. ముగ్గురు ముందే గట్టు అవతల పుట్టింటికో అక్క ఇంటికో వెళ్లిపోతామన్నారు. నాలుగో అమ్మాయిది ఆగస్టు రెండో వారం. రెండో కాన్పు. మొదటిసారి రక్తం ఎక్కువ పోయిందని కార్డులో రాసి ఉంది. రక్తం ఇప్పుడు కూడా తక్కువే, హిమోగ్లోబిన్ 8.6. అత్తగారు అరుగు మీద కొబ్బరి ఈనెలు తీస్తూ నా వైపు చూడకుండానే మాట్లాడారు.

"మా కాలంలో ఈ లంకలోనే కన్నామండీ. నేనూ ముగ్గుర్ని కన్నాను. ఇది పుట్టింటికెళ్లాలంటే అదీ లంకే. వాళ్లక్క అంబాజీపేటలో ఉంది గానీ, నెల ముందు నుంచీ అక్కింట్లో కూర్చుంటే ఏం బాగుంటుందండీ? ఇక్కడ చంటోణ్ణి ఎవరు చూస్తారు?"

"అమ్మమ్మ గారూ, మొదటిసారి రక్తం పోయినవాళ్లకి మళ్లీ పోయే అవకాశం ఎక్కువండీ."

"అప్పుడు పడవెక్కించాం కదండీ. బతికింది కదండీ."

కోడలు గుమ్మంలో నిలబడి ఏమీ మాట్లాడలేదు. ఆ అమ్మాయి కళ్ల కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంది. ఐరన్ మాత్రలు ఎలా వేసుకోవాలో చెప్పి, పీహెచ్‌సీలో రక్తం పెరిగే ఇంజెక్షన్‌కి ఒక రోజు రాసుకుని బయటికి వచ్చాను. గదమాయించి ఒప్పిస్తే ఆగస్టులో మళ్లీ వెనక్కి తెచ్చేస్తారని ఆశా అక్క అంది. ఆవిడ మాట నిజం.

ఆదివారం రాత్రి

రాత్రి పన్నెండున్నరకి ఒకసారి మొత్తం చేసి చూద్దామని పడవ బాబాయ్‌ని అడిగాను. ముందు చెబితే ఆయన మేలుకునే ఉంటారు కదా, అందుకని ఏ రాత్రో చెప్పలేదు. డీజిలు డబ్బులు నావి. సంగతి ఎలాగో బయటికి పొక్కి నలుగురైదుగురు వచ్చారు. వాళ్లలో ఆ అత్తగారు కూడా ఉన్నారు.

ఫోన్ రింగవుతూనే ఉంది, బాబాయ్ ఎత్తలేదు. కుర్రాణ్ణి పరిగెత్తించాం. ఆయన లేచి, చొక్కా వేసుకుని, ఇంజను తాడు లాగేసరికి 16 నిమిషాలు. మంచం మీద పేషెంటుగా ఎవరు పడుకుంటారంటే ఎవరూ ముందుకు రాలేదు. ఆ అత్తగారు కొంగు నడుముకి బిగించి, "నేను పడుకుంటాను, ఎత్తండి" అన్నారు.

నలుగురు మోశారు. ఇసుకలో కాళ్లు దిగబడ్డాయి, రెండు చోట్ల మంచం దించాల్సి వచ్చింది. రేవుకి చేరేసరికి ఇంకో 19 నిమిషాలు. పడవలోకి ఎత్తేటప్పుడు మంచం ఒక పక్కకి ఒరిగింది, ఆవిడ నా చెయ్యి పట్టేసుకున్నారు. ఏటి మధ్యలో ఇంజను శబ్దం తప్ప ఏమీ లేదు. తలకి కట్టుకున్న లైటు ఆవిడ మొహం మీద పడకుండా పక్కకి తిప్పాను. ఆవిడ పైకి చూస్తూ పడుకుని ఉన్నారు. చీకట్లో ఇసుకతిన్నె తప్పించడానికి చుట్టు తిరిగి వెళ్లాం, 27 నిమిషాలు. గట్టు ఎక్కి 108 ఆగే చోటికి చేరేసరికి మొత్తం గంటా ఎనిమిది నిమిషాలు. ఇక్కణ్ణుంచి అమలాపురం పెద్దాసుపత్రి రాత్రిపూట నలభై నిమిషాలు. ఏరు ప్రశాంతంగా ఉన్న జూన్ నెలలో, అంబులెన్సు వచ్చి సిద్ధంగా ఉంటేనే, గంటా ముప్పావు.

నోట్‌బుక్‌లో అంకెలు కూడుతుంటే బాబాయ్ టార్చి పట్టుకున్నారు. "ఫోను తలగడ కింద పెట్టుకుంటానండీ ఇకనుంచి. డీజిలు క్యాను కూడా పడవలోనే ఉంచేస్తాను" అన్నారు. ఆయన లెక్క ఆయన వేసుకుంటున్నారు. ఆ రెంటితోనే పది నిమిషాలు తగ్గుతాయి.

అత్తగారు మంచం మీంచి లేచి గట్టు మీద కూర్చున్నారు. కాళ్లకి అంటిన ఇసుక దులుపుకుంటూ చాలాసేపు ఏరు వైపే చూశారు. తిరిగి పడవ ఎక్కబోతూ నా దగ్గర ఆగారు.

"ఆ రోజు దాన్ని తీసుకొచ్చింది కూడా ఇలాగే, రాత్రే. నేను ముందు కూర్చున్నాను, వెనక్కి తిరిగి చూళ్లేదు" అన్నారు.

నేనేమీ అనలేదు.

"జూలై ఆఖరికి అక్కింటికి పంపిస్తానండి. నాగుల చవితికి మాత్రం మా ఇంటికి వచ్చెయ్యాలి. పుట్టలో పాలు పొయ్యాలి కదా."

"వస్తుందండీ. నేనే తీసుకొస్తాను."

నోట్‌బుక్‌లో ఆ అమ్మాయి పేరు ఎదురుగా రెండు తేదీలు రాసుకున్నాను, వెళ్లేది, వచ్చేది. పడవ తిరిగింది. పొద్దున్న తొమ్మిదికి పీహెచ్‌సీలో జాయినింగ్ రిపోర్టు ఇవ్వాలి.